ప్రార్థించండి, మదురై బస్సు కూడా ఎక్కించండి

మత్తు అనగానే మన సంఘాల్లో సారా గురించే మాట్లాడతాం. రాజపాళయంలాంటి మిల్లు ఊళ్లలోని తెలుగు తల్లిదండ్రులు ఇప్పుడు తెలుసుకోవాల్సిన పేరు టపెంటడాల్. నొప్పి మాత్రే గానీ నల్లమందు జాతిది. దాన్ని నీళ్లలో కరిగించి నరానికి ఎక్కించుకునే కుర్రాళ్లు తమిళనాడులో పెరిగారు. ఓపియాయిడ్ల వల్ల సహాయం అవసరమైనవాళ్లు దేశంలో సుమారు 77 లక్షలని ఎయిమ్స్ 2019 నివేదిక.

మోతాదు మించితే ఊపిరి మందగిస్తుంది, పెదవులు నీలమవుతాయి. వెంటనే 108కి ఫోన్ చేయాలి. నాలాక్సోన్ ఇంజెక్షన్ పడితే బతుకుతారు.

పరువు పోతుందని పిల్లవాణ్ణి గదిలో పెట్టి ఉపవాస ప్రార్థనలు చేసే ఇళ్లున్నాయి. ప్రార్థించండి, కాదనను. కానీ కొన్నాళ్లు మానేసిన ఒంటికి పాత మోతాదే ప్రాణాంతకం. బుప్రెనార్ఫిన్ లాంటి మందుతో నెలల తరబడి చికిత్స కావాలి. అది మత్తుకు బదులు మత్తేనని కొట్టిపారేసే కాపరులు, షుగరున్న విశ్వాసిని ఇన్సులిన్ మానమంటారా?

ఇక పోలీసు భయం. కొద్ది పరిమాణంతో పట్టుబడిన వ్యసనపరుడు తానుగా గుర్తింపున్న కేంద్రంలో చికిత్సకు వెళితే, 1985 మాదకద్రవ్యాల చట్టం 64ఎ సెక్షన్ కింద కేసు నుంచి మినహాయింపు దొరుకుతుంది. ఈ మాట ఏ మందిరంలోనైనా ప్రకటించారా? 14446 ఉచిత హెల్ప్‌లైన్ నంబరైనా?

సమరయుడు గాయాలు కట్టి ఊరుకోలేదు, పూటకూళ్లవాడికి డబ్బిచ్చాడు. సి.ఎస్.ఐ., ఆర్.సి., పెంతెకొస్తు అనకుండా కాపరులు ఒకచోట కూర్చుని, మందుల షాపులవాళ్లతో, మిల్లు యజమానులతో, ప్రభుత్వ ఆసుపత్రితో మాట్లాడాలి. మదురై వెళ్లిరావడానికి బస్సు ఛార్జీ, పోయిన షిఫ్టు కూలి కానుకల్లోంచి ఇవ్వాలి. వచ్చే ఆదివారం లెక్కల్లో ఆ పద్దు ఉందో లేదో యవ్వనస్థులే అడగండి.