నిట్టనిలువుగా దిగడం గొప్పే, కానీ మనకు అక్కర్లేని గొప్ప

కాస్త పెద్ద పోస్టు. తీరిక చూసుకుని చదవండి, చదివాకే తిట్టండి.

పోయిన ఆదివారం సంఘం మీటింగ్ అయ్యాక కాఫీల దగ్గర మొదలైన వాదన ఇళ్ళకు చేరాక కూడా ఆగలేదు. బెంగళూరు తెలుగువాళ్ళం కదా, విమానాల పిచ్చి మనకు కొత్త కాదు. మనలో చాలామందికి హెచ్ఏఎల్‌లో పనిచేసిన మామయ్యో బాబాయో ఉంటాడు. యలహంకలో 1996 నుంచి ఏరో ఇండియా జరుగుతోంది. ఆ రోజుల్లో మేడెక్కి ఆకాశం చూడని ఇల్లు మా వైపు ఉండదు. కాబట్టి విమానాల మీద వాదన రావడం మంచిదే. అది ఎటు పోయిందన్నదే మా బాధ.

మన కుర్రాళ్ళ మాట ఇది: ఎఫ్-35బి లాంటి, హెలికాప్టర్‌లా నిలబడి దిగే ఫైటర్ మన నేవీకి కావాలి. 2025 ఏప్రిల్‌లో దాదాపు 63 వేల కోట్లకు 26 రఫేల్-ఎం విమానాలకు సంతకం పెట్టడం దండగ. కాదన్న మమ్మల్ని "మీకు దేశం ఎదగడం ఇష్టం లేదు" అనే దాకా వెళ్ళారు. ఆ మాటకు జవాబు చెప్పకుండా ఊరుకోలేం. మేం అంటే ఆరోజు కాదన్న నలుగురం.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాం. నిట్టనిలువుగా దిగే ఫైటర్ మనిషి చేసిన గొప్ప యంత్రాల్లో ఒకటి. హారియర్‌లో పెగాసస్ ఇంజన్ గాలిని నాలుగు నాజిల్స్ గుండా వదులుతుంది. వాటిని కిందికి తిప్పితే విమానం ఆ గాలి మీదే నిలబడుతుంది. ఎఫ్-35బిలో పైలట్ వెనకాల పెద్ద ఫ్యాన్ ఒకటి ఉంటుంది. ఇంజన్ నుంచి వచ్చే షాఫ్ట్ దాన్ని తిప్పుతుంది. వెనక నాజిల్ కిందికి వంగుతుంది. చూస్తే ఎవరికైనా ఒళ్ళు పులకరిస్తుంది, మాకూ అంతే.

అయితే ఆ ఫ్యాన్ ఎప్పుడు పనిచేస్తుంది? ఎగిరేటప్పుడు కాసేపు, దిగేటప్పుడు కాసేపు. మిగతా ప్రయాణమంతా అది బరువే. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, యుద్ధానికి వెళ్తూ ఆ బరువు మోసుకెళ్ళాలి. దాని చోటు కోసం ఇంధనం తగ్గించారు. రన్‌వే మీద దిగే ఎఫ్-35ఎ లోపల 8,200 కిలోలకు పైగా ఇంధనం పడితే, బి రకంలో పట్టేది దాదాపు 6,000 కిలోలే. ఎ రకం లోపలి అరల్లో 2,000 పౌండ్ల బాంబులు పడితే, బి రకంలో 1,000 పౌండ్లవే పడతాయి. ఎ రకం 9 జి దాకా తట్టుకుంటే బి రకం 7 జి దగ్గర ఆగిపోతుంది. అంటే తక్కువ దూరం, తక్కువ బరువు, తక్కువ మలుపు. దిగే ఆ రెండు నిమిషాల కోసం ప్రతి ప్రయాణంలోనూ కట్టే సుంకం ఇది.

"శత్రువు రన్‌వే పేల్చేస్తే ఏం చేస్తారు?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. 1971 డిసెంబరులో మన మిగ్-21లు ఢాకా తేజ్‌గావ్ రన్‌వేకు గుంతలు పెడితే పాకిస్తాన్ సేబర్లు నేల మీదే ఉండిపోయాయి. కానీ అదే యుద్ధంలో మన భుజ్ రన్‌వేనూ వాళ్ళు పేల్చారు. అప్పుడేం జరిగింది? మాధాపర్ ఊరి ఆడవాళ్ళు దాదాపు 300 మంది వచ్చి, బాంబుల భయం మధ్యనే 72 గంటల్లో రన్‌వే బాగుచేశారు. రన్‌వే పోతే దాన్ని బాగుచేసుకోవచ్చు. ఇంకో రన్‌వే చూసుకోవచ్చు. 2015లో మిరాజ్-2000 యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద దిగింది. చెన్నై నుంచి ఒంగోలు మీదుగా విజయవాడ వెళ్ళే మనవాళ్ళకు అద్దంకి దగ్గర హైవే ఒకచోట తిన్నగా, వెడల్పుగా, కాంక్రీటుతో కనిపిస్తుంది. నాలుగు కిలోమీటర్ల ఆ ముక్క వాయుసేన అత్యవసరం కోసం కట్టినదే. 2024 మార్చిలో వాయుసేన విమానాలు అక్కడ దిగి చూపించాయి. మామూలు రోజుల్లో మన బస్సులు పోయే రోడ్డు అది.

"ఎక్కడైనా దిగుతుంది" అన్న మాట కూడా చూద్దాం. 2025 జూన్ 14 రాత్రి బ్రిటన్ ఎఫ్-35బి ఒకటి తిరువనంతపురంలో దిగింది. మామూలు రన్‌వే మీదే దిగింది. తర్వాత హైడ్రాలిక్ సమస్య వచ్చి జూలై 22 దాకా కదల్లేదు. ఇంజనీర్లు, సామాను బ్రిటన్ నుంచి రావాల్సి వచ్చింది. అంతర్జాతీయ విమానాశ్రయంలో, స్నేహదేశంలోనే ఇన్ని రోజులు పట్టిందంటే, ఏ అడవిలోనో పొలంలోనో దిగితే దాన్ని ఎవరు చూస్తారు? ఇంధనం ఎవరు తెస్తారు? మిసైల్ ఎవరు తగిలిస్తారు? పైగా దాని వెనక నుంచి వచ్చే సెగకు మామూలు తారు రోడ్డు నిలవదు. ఓడల డెక్‌కే ప్రత్యేకమైన పూత వేయాల్సి వచ్చింది.

ఫాక్‌లాండ్స్ ఉదాహరణ ఇచ్చారు. ఇది మీ వాదనలో బలమైన భాగం. 1982లో బ్రిటన్ సీ హారియర్లు గాల్లో 20 అర్జెంటీనా విమానాలను కూల్చాయి. గాలి యుద్ధంలో ఒక్కటీ పోగొట్టుకోలేదు. చిన్న ఓడల నుంచి, పాడు వాతావరణంలో ఆ పని చేయడం నిలువుగా దిగే విమానం వల్లే కుదిరింది. ఒప్పుకుంటున్నాం. అయితే "గాల్లో బ్రేకేసి శత్రువును ముందుకు పోనిచ్చి కొట్టారు" అన్నది మాత్రం కథ. గెలిపించింది కొత్త సైడ్‌వైండర్ మిసైల్, పైలట్ల శిక్షణ. అర్జెంటీనా వాళ్ళు తిరిగి వెళ్ళడానికి ఇంధనం చాలని దూరం నుంచి వచ్చి పోరాడారు. గాల్లో వేగం చంపుకున్న ఫైటర్ శత్రువుకు సులువుగా దొరుకుతుంది.

ఇక అసలు సంగతి. ఎఫ్-35బి కావాలనేవాళ్ళు మరిచిపోయింది ఏమిటంటే, మనం ఈ పని చేసి చూశాం. 1983 చివర్లో సీ హారియర్లు గోవాకు వచ్చాయి. ఫాక్‌లాండ్స్‌లో బ్రిటన్‌కు సారథిగా ఉన్న హెర్మెస్ ఓడే 1987లో మన విరాట్ అయింది. 2016 మేలో వీడ్కోలు చెప్పేదాకా, ముప్పై ఏళ్ళకు పైగా మన పైలట్లు వాటిని నడిపారు. ఆ విమానాల్లో సగానికి పైగా ప్రమాదాల్లో పోయాయి. పైలట్లూ పోయారు. అన్ని ప్రమాదాలూ నిలువుగా దిగేటప్పుడే జరగలేదు, అలా చెబితే అబద్ధం. కానీ రెక్కల మీద ఎగరడానికీ, ఇంజన్ మీద నిలబడడానికీ మధ్య ఆ కొన్ని క్షణాల్లో పైలట్ చేతిలో తప్పుకు చోటు లేదన్నది అబద్ధం కాదు.

మన ఎండ సంగతి వేరే చెప్పాలి. వేడి గాలి పలచగా ఉంటుంది, ఇంజన్ తోపు తగ్గుతుంది. పెగాసస్‌లోకి నీళ్ళు చిమ్మి బలం తెచ్చుకునేవాళ్ళు. అయినా వాడని మిసైళ్ళతో ఓడ మీదికి తిరిగి దిగడం వేడి సముద్రాల్లో కష్టమైంది. బ్రిటన్ తన సీ హారియర్లను 2006లో ఆపేయడానికి చెప్పిన కారణాల్లో ఇదొకటి. చలిదేశంలో పుట్టిన యంత్రాన్ని అరేబియా సముద్రంలో మే నెలలో నడపాలి మనం.

ఆరోజు మూలన కూర్చున్న పెద్దాయన గుర్తున్నారా? గోవాలో సీ హారియర్ల మీద పనిచేసి రిటైరైన మనిషి. అంతా విని లేచేటప్పుడు ఒక్క మాట అన్నారు. "మీరు దిగింది చూశారు నాయనా. టైమయినా రాని విమానం కోసం టార్మాక్ మీద నిలబడ్డం ఎలా ఉంటుందో మాకు తెలుసు." కుర్రాళ్ళు ఆ మాట విన్నారో లేదో. మేం విన్నాం. ఈ పోస్టు రాయడానికి సగం కారణం అదే.

ఇంకొకటి. నిలువుగా దిగడం కనిపెట్టిన బ్రిటన్ ఇప్పుడు ఏం చేస్తోంది? 2018లో క్వీన్ ఎలిజబెత్ ఓడ మీద ఎఫ్-35బిని మెల్లగా ముందుకు దొర్లుతూ దింపి చూశారు. ఎందుకు? అలా దింపితే రెక్కలు కూడా కొంత బరువు మోస్తాయి, వాడని బాంబులను సముద్రంలో పారేయకుండా వెనక్కి తెచ్చుకోవచ్చు. నిలువుగా దిగడం చాలడం లేదని దాన్ని కనిపెట్టినవాళ్ళే చెబుతున్నారన్నమాట.

మరి వాళ్ళు ఎందుకు కొన్నారు? ఓడల కోసం. క్వీన్ ఎలిజబెత్ తరగతి ఓడకు విమానాన్ని విసిరే క్యాటపల్ట్ పెట్టాలని 2010లో అనుకుని, ఖర్చు చూసి 2012లో వెనక్కి తగ్గారు. జపాన్ దగ్గర ఇజుమో, ఇటలీ దగ్గర కావూర్ లాంటి ఓడలున్నాయి. వాటికి ఈ విమానమే దిక్కు. వాళ్ళ ఓడకు వాళ్ళ విమానం, తప్పులేదు. మన విక్రాంత్ 45 వేల టన్నుల ఓడ. దాని మీద విమానాన్ని పైకి ఎగరేసే స్కీ-జంప్ ఉంది, దిగేటప్పుడు పట్టి ఆపే తీగలున్నాయి. విక్రమాదిత్య కూడా అలాంటిదే. తీగ పట్టుకుని దిగే విమానానికి ఆ ఫ్యాన్ బరువుతో పనిలేదు. ఉన్న ఇంటికి తలుపు చేయించుకోవాలి గానీ, పక్కింటి తలుపు నచ్చిందని తెచ్చి మన గోడ పగలగొట్టుకుంటామా?

"ఇష్టం లేదు" అన్న మాటకు ఇదీ మా జవాబు. 2020 జనవరి 11న మన నేవీ తేజస్ విక్రమాదిత్య మీద తీగ పట్టుకుని దిగింది. 2023 ఫిబ్రవరిలో విక్రాంత్ మీద దిగింది. ఆ విమానం పుట్టింది మన బెంగళూరులో. తేజస్ కార్యక్రమాన్ని ఏళ్ళ తరబడి నడిపించిన కోట హరినారాయణ గారు బరంపురంలో పుట్టిన మనిషి, ఒడిశా తెలుగువాళ్ళ బిడ్డ. ఆ తేజస్ ఇంకా నేవీ దళాల్లో చేరలేదు, దాని తర్వాతి రెండింజన్ల విమానం రావాలి, అప్పటిదాకా రఫేల్-ఎం అవసరం. ఇది మాకు చేదుగానే ఉంది. కానీ ఆ ఆలస్యం గురించి కోపం తెచ్చుకోండి, అడగండి, నిలదీయండి. ఆ కోపానికి అర్థం ఉంది.

మన పిల్లల్లో ఇద్దరు ఎన్‌డీఏకు చదువుతున్నారు. రేపు వాళ్ళు ఓడ మీద దిగేది మనం చప్పట్లు కొట్టిన విమానంలో కాదు, దేశం ఆలోచించి కొన్న విమానంలో. వాళ్ళను సురక్షితంగా వెనక్కి తెచ్చేది, ఎక్కువ దూరం వెళ్ళి ఎక్కువ బరువు మోసేది ఏదో అదే మనకు కావాలి. అది ఎలా దిగుతుందన్నది మాకు రెండో సంగతి.

తప్పు రాసి ఉంటే లెక్కలతో చెప్పండి, దిద్దుకుంటాం. వచ్చే ఆదివారం హాల్లోనే ఉంటాం. కాఫీ మాది.