ఆగండి... మే రానివ్వండి!

డిసెంబరులో డాబా సర్దుతుంటే ఓ మూలన కుండీ కనిపిస్తుంది. ఆకు లేదు, రెమ్మ లేదు. ఉత్త మట్టి. 'ఎండిపోయినట్టుంది, పారేద్దామా?' అంటారు ఇంట్లో ఎవరో ఒకరు. మొక్కలు పెంచే ఇల్లాలు మాత్రం 'ఆగండాగండి, మే రానివ్వండి' అంటుంది. ఆ మట్టి కింద నిద్రపోతున్నది మే పువ్వు దుంప మరి!

మే పువ్వంటే రోడ్డు పక్కన పూసే తురాయి కాదు, ఫుట్‌బాల్ లిల్లీ. పుట్టిల్లు ఆఫ్రికా. ఒక్క కాడ మీద చిన్నచిన్న పూలు ఒక్కోసారి రెండు వందల దాకా విచ్చుకుని, ఎర్రటి బంతిలా కనువిందు చేస్తాయి. ఆ సంబరం ఏడాదికి ఒక్కసారే, అదీ వారం పది రోజులే.

మాసబ్ ట్యాంక్‌లో ఒకప్పటి చెరువు పోయి పేరు మిగిలింది. అపార్ట్‌మెంట్లు వచ్చాక పెరళ్లదీ అదే కథ. అయినా బాల్కనీలో ఓ కుండీ చాలు, ఈ దుంప సర్దుకుపోతుంది.

చుట్టరికం లేకపోయినా ఇలాంటి గుణమే ఉన్న పువ్వు ఉత్తర అమెరికా అడవుల్లో ఉంది. పేరు ట్రిలియం. మూడు ఆకులు, మూడు రేకులు. చలికాలమంతా నేలలో దాక్కుని వసంతంలో పూస్తుంది. తెల్ల ట్రిలియంను కెనడాలోని ఆంటారియో 1937లో తన రాష్ట్ర పుష్పంగా ఎంచుకుంది. విత్తనం నాటితే తొలి పువ్వుకు ఏడేళ్లో, అంతకన్నా ఎక్కువో ఆగాలి. ముచ్చటపడి ఆకులతో సహా తెంపితే మొక్క కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. గడ్డకట్టే చలి కావాలి కాబట్టి అది మన ఊళ్లో బతకదు. కానీ అది నేర్పే పాఠం మన కుండీకీ పనికొస్తుంది.

పువ్వు వాడగానే 'ఇక దీంతో పనేముంది' అని ఆకులు కోసేస్తుంటారు చాలామంది. తప్పంతా అక్కడే. వచ్చే ఏటి పువ్వుకు కావాల్సిన తిండిని దుంపలో దాచేది ఆ ఆకులే. వాటంతటవి పండిపోయేదాకా ఉంచాలి. తర్వాత నీళ్లు ఆపేయాలి. నిద్రలో ఉన్నప్పుడు తడి ఎక్కువైతే దుంప కుళ్లిపోతుంది.

ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి, దుంప మెడ పైకి కనిపించేలా నాటాలి. పొద్దుటి ఎండ తగిలితే చాలు. ఇల్లు మారాల్సి వస్తే చలికాలంలోనే దుంప తీసి కాగితంలో చుట్టి పట్టుకెళ్లొచ్చు. ఉల్లిగడ్డలా ఉంటుంది కానీ విషపూరితం, పిల్లలకు అందనివ్వకండి.

మే నెలలో ఓ పొద్దున కుండీలో లావుపాటి మొగ్గ తల ఎత్తుతుంది. అది చూసి 'ఇలా రండి, వచ్చేసింది!' అని ఇల్లంతా వినపడేలా కేకేసేది ఎవరనుకున్నారు? డిసెంబరులో పారేద్దామన్నవారే!