శాంతిపర్వము లేని కథ

భారతకథ కురుక్షేత్రముతో ముగియలేదు. పదునెనిమిది దినముల యుద్ధము ముగిసిన పిమ్మటనే ధర్మరాజునకు అసలైన పరీక్ష ఆరంభమయ్యెను. గెలిచిన రాజ్యమును ఎట్లు ఏలవలెను? దండనము ఎవరికి, ఎంతవరకు? శాంతిపర్వము ఈ ప్రశ్నలకొరకే యున్నది. తిక్కన సోమయాజి దానిని తెలుగున విడువక చెప్పెను. యుద్ధమును గెలుచుట ఒక విద్య, గెలిచినదానిని నిలుపుట వేరొక విద్య యని మన పూర్వులు ఎరుగుదురు. విప్లవనాయకుడు చే గువేరా జీవితమును రెండు భాగములుగా తెరకెక్కించిన చిత్రమును ఈ కొలతతో చూచినచో, దాని గొప్పతనమును కొరతయు ఒక్కసారే తెలియును.

స్టీవెన్ సోడర్‌బర్గ్ అను అమెరికా దర్శకుని 'చే' చిత్రము 2008 మే నెలలో ఫ్రాన్సుదేశపు కాన్ చలనచిత్రోత్సవమున తొలిసారి ప్రదర్శింపబడెను. రెండు భాగములును కలిపి నాలుగు గంటలకు మించిన నిడివి. గువేరా పాత్రను ధరించిన బెనీసియో డెల్ టోరో అచ్చట ఉత్తమనటుడుగా గౌరవము పొందెను. గువేరా స్వయముగా వ్రాసికొన్న క్యూబా యుద్ధస్మృతులు మొదటి భాగమునకును, బొలీవియా దినచర్య రెండవ భాగమునకును ఆధారములు.

అర్జెంటీనాలో 1928లో జన్మించి వైద్యవిద్య ముగించిన ఈ యువకుడు 1955లో మెక్సికోనగరమున ఫిడెల్ కాస్ట్రోను కలిసికొనెను. మరుసటి సంవత్సరము నవంబరులో 82 మంది 'గ్రాన్మా' అను చిన్న నౌకలో క్యూబాకు బయలుదేరిరి. తీరమున దిగిన కొలదిదినములకే సైన్యము విరుచుకొనిపడగా మిగిలినవారు పిడికెడుమంది. వారే సియెర్రా మేస్త్రా కొండలలో నిలద్రొక్కుకొని, రైతుల విశ్వాసమును సంపాదించి, 1958 డిసెంబరు చివర శాంటా క్లారా నగరము వరకు వచ్చిరి. 1959 జనవరి 1న నియంత బటిస్టా దేశము విడిచి పారిపోయెను.

ఈ భాగములో తుపాకుల మ్రోతకంటె చిన్న సంగతులే మనస్సున నిలుచును. ఉబ్బసముతో ఊపిరాడకయే కొండలెక్కు వైద్యుడు. చదువురాని భటులను అక్షరములు నేర్వుడని పట్టుబట్టు నాయకుడు. పల్లెజనులను పీడించినవారు తన పక్షమువారైనను మరణదండన విధించు కఠినుడు. విజయోత్సాహమున పరుల కారెక్కి రాజధానికి పోవుచున్న అనుచరుని, వెనుకకుపోయి దానిని అప్పగింపుమని ఆయన మందలించు దృశ్యము కలదు. పాఠశాలలో నీతిపాఠమునకు తగిన దృశ్యమది.

రెండవ భాగమున మనిషి అతడే, పద్ధతి అదే. నేల మాత్రము వేరు. 1966 నవంబరులో గువేరా మారువేషమున బొలీవియా చేరెను. మొదటి భాగమున విశాలముగానున్న తెర ఇచ్చట ఇరుకగును. దినముల లెక్క తెరపై పడుచుండును. ఆకలి, రోగము, దారితప్పుట వెంటవచ్చును. బొలీవియాలో 1952లోనే ఒక విప్లవము జరిగి, 1953లో భూసంస్కరణచట్టము వచ్చియుండెను. కొంత భూమి చేతికి వచ్చిన రైతు కొత్తవారి తుపాకిని నమ్మలేదు. స్వదేశపు కమ్యూనిస్టుపార్టీ నాయకత్వము చేయూతనీయలేదు. పోరాటవీరులు కెచువా భాష నేర్చుకొనుచుండగా, ఆ ప్రాంతపు తెగలవారు మాటలాడునది గువరానీ. ప్రజల మాట రానివాడు ప్రజల మనస్సును ఎట్లు చేరగలడు? రైతులెవ్వరును తమతో చేరుటలేదని ఆయనయే తన దినచర్యలో పలుమారులు వ్రాసికొనెను. 1967 అక్టోబరు 8న పట్టుబడి, మరునాడు లా హిగేరా అను పల్లెలోని బడియింట కాల్చి చంపబడెను.

ఒకచోట ఫలించిన విత్తనము వేరొకచోట మొలకెత్తదని రెండు భాగములను ప్రక్కప్రక్కన నిలిపి దర్శకుడు చెప్పెను. ఉపన్యాసము లేకుండ ఇంత కఠినమైన సత్యమును చూపుట సామాన్యమైన పనికాదు.

అయినను, ఆ రెండు భాగముల నడుమ ఏమున్నది? 1959లో హవానాలోని లా కబాన్యా కోటకు గువేరా అధిపతి. పాత ప్రభుత్వపువారిని విప్లవన్యాయస్థానములు విచారించి మరణదండన విధించుచుండగా, శిక్షితుల అర్జీలను పరిశీలించునది ఆయనయే. అదే సంవత్సరము వేసవిలో ఆయన ఢిల్లీకి వచ్చి ప్రధాని నెహ్రూను దర్శించెను. ఏడాది ముగియకమునుపే జాతీయబ్యాంకు అధ్యక్షుడు, 1961లో పరిశ్రమలమంత్రి అయ్యెను. పరిశ్రమలను త్వరగా పెంచబోయి చేసిన పొరపాట్లను తరువాత ఆయనయే అంగీకరించెను. 1965లో కాంగోలో పోరాడి విఫలుడయ్యెను. వీనిలో ఏదియు తెరపై కథగా సాగదు. 1964లో ఆయన ఐక్యరాజ్యసమితిలో ప్రసంగించుట నలుపుతెలుపు దృశ్యములుగా మొదటి భాగమున నడుమనడుమ వచ్చునుగాని, అచ్చట కనిపించువాడు వక్త, పాలకుడు కాడు.

ఏ ఘట్టములను గ్రహింపవలెనో నిర్ణయించుకొను హక్కు కళాకారునకు కలదు. ఆధారగ్రంథములు రెండును యుద్ధమును గురించినవే యనుటయు నిజము. కాని ఆ ఎంపిక వలన ఒక ఫలితము కలుగుచున్నది. గెలిచినప్పుడును ఓడినప్పుడును గువేరా అడవిలోనే యుండును. అడవిలో ప్రాణములకు తెగించినవాని కాఠిన్యము క్రమశిక్షణగా తోచును; కోటలో అధికారము చేతబట్టినవాని కాఠిన్యము వేరొక ప్రశ్నను లేపును. ఆ ప్రశ్నను అడుగు అవకాశమే ప్రేక్షకునకు కలుగలేదు. అభిమానులు మెచ్చు తెగువయు, విమర్శకులు ఖండించు దండనలును ఒకే మనిషివి. రెండింటిని ఒకచోట చూపినపుడుగదా అది జీవితచరిత్ర యగుట!

విద్యార్థులు ఈ నాయకుని మొదట ఎరుగునది చిత్రమువలన కాదు, చొక్కాలమీది ముఖము వలన. నక్షత్రపు టోపీతో దూరముగా చూచుచున్న ఆ ఛాయాచిత్రమును ఆల్బర్టో కోర్డా 1960 మార్చి 5న హవానాలో తీసెను. అనగా, లోకమంతయు ఎరిగిన ఆ ముఖము సరిగా ఈ చిత్రము దాటిపోయిన సంవత్సరములలోనిది. అడవిలోని వీరునిదని పిల్లలు తలచు ఆ ముఖము నిజమునకు జాతీయబ్యాంకు అధ్యక్షునిది.

కనుక ఉపాధ్యాయులు ఈ చిత్రమును గురించి తరగతిలో ముచ్చటించినపుడు, చూపినదానిని మెచ్చుకొని అంతటితో ఊరకుండరాదు. చూపనిదేమి, ఎందుకు చూపలేదు అను ప్రశ్నను పిల్లలచేత అడిగింపవలెను. ఆ యేడు సంవత్సరముల చరిత్రను వారిచేతనే వెదకించి, పూజించువారి మాటను దూషించువారి మాటను ఎదురెదుర పెట్టి చదివింపవలెను. తుపాకి పట్టినవాని ధైర్యమును తెరమీద చూచి తెలిసికొనవచ్చును. దానిని క్రిందబెట్టి కలము పట్టి, ఒకని ప్రాణము నిలుచునో పోవునో తేల్చు కాగితముమీద వ్రాలు చేయువాని మనస్సును తెలిసికొనుటకు మాత్రము చదువు కావలెను. ధర్మరాజు అంపశయ్యమీది భీష్ముని సన్నిధికి పోయినది ఆ చదువు కొరకే.