పోపులపెట్టె

తెలుగువారి వంటయింట పొయ్యికి చేరువగా నుండు వస్తువులలో పోపులపెట్టె యొకటి. ఆవాలు, జీలకఱ్ఱ, మెంతులు, మినపపప్పు, ఎండుమిరపకాయలు, ఇంగువ దానిలో వేఱువేఱు అరలలో నుండును. నూనె కాగుచున్న వేళ వెదకుకొనుటకు తీఱిక యుండదు; మూత తీయగనే కావలసినది చేతి కందవలెను. పూర్వము పలు ఇండ్లలో ఈ పెట్టె కొయ్యతో చేసినదై యుండెడిది. నేడు దాని స్థానమును ఉక్కుడబ్బాలును ప్లాస్టిక్ డబ్బాలును ఆక్రమించినవి.

"అంగడిలో దొరకు వస్తువును ఇంటిలో శ్రమపడి చేయుట యెందులకు? ఆ సమయమున నాలుగు లెక్కలు చేసికొనరాదా?" అని కొందఱు పెద్దలు ప్రశ్నింతురు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ఇంట చేసిన పెట్టె కొన్నదానికంటె చౌక కాకపోవచ్చును. కాని పెట్టె చేయుటయు లెక్క చేయుటయే.

లోపలి పొడవు 24 సెంటీమీటర్లు గల పెట్టెలో, పొడవు వెంబడి మూడు సమానమైన అరలు కావలెననుకొనుడు. 24ను మూడింట భాగించి, అరకు 8 సెంటీమీటర్లని గీత గీసిన బాలుడు పొరబడినట్లే. నడుమ నిలుచు రెండు అడ్డుపలకలకును మందము కలదు. ఒక్కొక్కటి 6 మిల్లీమీటర్లయినచో, రెండును కలిసి 12 మిల్లీమీటర్ల చోటును తీసికొనును. మిగిలిన 22.8 సెంటీమీటర్లను భాగింపగా అరకు వచ్చునది 7.6 సెంటీమీటర్లే. కాగితముపై తప్పిన లెక్కను చెఱిపివేయవచ్చును. పొట్టిగా కోసిన పలకను పొడిగింపరాదు.

కొయ్య ప్రకృతిశాస్త్రమును కూడ నేర్పును. చెట్టు కొట్టి యెన్ని యేండ్లయినను కొయ్య గాలిలోని తేమను పీల్చుచు, విడుచుచు నుండును. వానకాలమున అది తనపై కనబడు చారలకు అడ్డముగా ఉబ్బును. చారల వెంబడి కలుగు మార్పు మిక్కిలి స్వల్పము. వేసవిలో గాడియందు బిగుతుగా అమర్చిన జారుమూత శ్రావణమాసమున కదలకుండుటకు ఇదియే హేతువు. కావుననే నేర్పరియగు వడ్రంగి బాగుగా ఎండిన టేకుపలకను ఎన్నుకొని, మూతకు ఇరుప్రక్కల కొంచెము చోటు విడిచిపెట్టును.

మహాత్మాగాంధీ 1937లో వార్ధా విద్యాసభయందు చేతిపనియే చదువునకు కేంద్రము కావలెనని ప్రతిపాదించిరి. ఆ పద్ధతి దేశమంతట నిలువలేదు. అందలి సత్యము మాత్రము నిలిచియున్నది.

లెక్కకంటెను, శాస్త్రముకంటెను గొప్పదైన లాభము మఱియొకటి కలదు. ఒక్క మూత సరిగా పట్టుటకు మూడుమాఱులు చిత్రిక పట్టిన విద్యార్థి ఇతరుల పనితనమును గుర్తింపగలడు. అనకాపల్లి జిల్లాలో, వరాహనది యొడ్డున గల ఏటికొప్పాకలో, పనివారు అంకుడుకఱ్ఱను తరిమెనపై త్రిప్పి చెక్కి, లక్కరంగులు పట్టించి, బొమ్మలును భరిణెలును చేయుదురు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. అట్టి భరిణె నొకదానిని చేత బట్టి, "ఇంత చిన్న వస్తువునకు ఇంత వెలయా?" యని బేరమాడువాడు బహుశః ఎన్నడును ఉలి పట్టనివాడు. ప్రభుత్వము వస్తువునకు గుర్తింపు నీయగలదు. చేసినవానికి తగిన వెల నీయవలసినవాడు కొనువాడే.

కావున బాలబాలికలందఱును పెద్దల సమక్షమున, ఒక్క పర్యాయమైనను, రంపమును ఉలిని చేతబట్టి చిన్న పెట్టె నొకదానిని చేయవలెను. దాని మూలలు కొంచెము వంకరపోయినను లోటు లేదు. అట్టి పెట్టెను చేసినవారు వడ్రంగి కూలిని చెల్లించునపుడు మఱి తగ్గింపుమని అడుగరు.