పెద్దమ్మ గుండెనొప్పి

మా పెద్దమ్మకి గుండెనొప్పి ఎప్పుడొస్తుందో మా వదినకి ముందే తెలుసు. తను పుట్టింటికెళ్ళడానికి టికెట్ కొన్న మర్నాడు! ఈసీజీ, ఎకో, టీఎంటీ అన్నీ బాగానే ఉన్నాయి. (జబ్బులు కల్పించుకుని ఆస్పత్రుల చుట్టూ తిరిగేవాళ్ళకి 1951లో రిచర్డ్ యాషర్ అనే డాక్టరు 'మంచౌసెన్ సిండ్రోమ్' అని పేరు పెట్టాడు. పెద్దమ్మది అది కాదు లెండి. ఆవిడకి కావలసింది డాక్టర్లు కాదు, మనుషులు.)

నా బాధల్లా పెద్దమ్మతో కాదు, డాలస్‌లో ఉన్న ఆవిడ పెద్దకొడుకుతో. "అమ్మని ఆ స్థితిలో వదిలేసి వెళ్తావా?" అని వదినని ఫోన్లో నిలదీస్తాడు. నొప్పి ఉత్తిదని తెలిసీ, ఈసారి నిజమైతేనో అని అర్ధరాత్రి ఆటో పిలిచేది వదినే. మన ఎన్నారైలకి జాలిపడటం భలే తేలిక, అయ్యేది ఒక ఫోన్ కాల్ ఖర్చే. అంత బెంగగా ఉంటే పదిహేను రోజులు సెలవు పెట్టి వచ్చి అమ్మ దగ్గర ఉండొచ్చుగా! ఈలోపు వదిన వాళ్ళమ్మని చూసొస్తుంది. ఆవిడకి నిజంగానే బాలేదు.