గృహ వ్యవహారములు: అమ్మినవారే తిరిగి కొందుమనినపుడు



ఒక వస్తువును మనకమ్మిన వర్తకుడే కొన్ని యేండ్లకు మన గుమ్మమునకు వచ్చి, "దానిని నాకిచ్చి సొమ్ము పుచ్చుకొనుడు" అనుట మన బజారులలో కానరాదు. పాత బంగారమునకు దప్ప నట్టి బేరము మనమెఱుగము. అమెరికా దేశమున మాత్రము 2016వ సంవత్సరమందు ఇంచుమించు 4,75,000 డీజెలు కార్ల యజమానులకు ఈ ప్రశ్న యెదురయ్యెను. కారు లేనిదే కూరగాయలకైనను పోవీలులేని ఊళ్లు అచ్చట పెక్కు గలవు. అట్టియెడ కారును వదలుకొనుట యన్నది పురుషుల లెక్క మాత్రమే కాదు. ఇల్లాలి దినచర్యయంతయు దానితో ముడివడియుండును.

జరిగినదేమన, వోక్స్‌వాగన్ అను జర్మను కంపెనీవారు పరిశుభ్రమైన డీజెలు కార్లని ప్రకటించి వీనిని విక్రయించిరి. గాలికి హాని లేదని నమ్మియే అనేకులు కొనిరి. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయమువారు అట్టి కార్లను రోడ్డు మీద నడిపి పరీక్షింపగా గుట్టు బయటపడుటకు దారి యేర్పడెను. 2015 సెప్టెంబరు 18వ తేదీన అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ సంగతిని లోకమునకు వెల్లడించెను. పరీక్ష జరుగుచున్నదని కారులోని కంప్యూటరు కనిపెట్టి, పొగను శుద్ధిచేయు సాధనమును చక్కగా పనిచేయించును. రోడ్డు మీదికి రాగానే సడలించును. చుట్టములు వచ్చిననాడు మాత్రమే వాకిలి యూడ్చెడి ఇంటివంటిదే యిది. ఫలితముగా నైట్రోజన్ ఆక్సైడులను వాయువులు మితికంటె 40 రెట్ల వఱకు వెలువడెను. ఇవి ఉబ్బసము గల పిల్లలకు మిక్కిలి కీడు చేయును.

2016 అక్టోబరు 25వ తేదీన శాన్ ఫ్రాన్సిస్కోలో న్యాయాధిపతి చార్లెస్ బ్రేయర్‌గారు ఒక ఒడంబడిక నామోదించిరి. దాని ప్రకారము యజమానులకు రెండు మార్గములు. కారును కంపెనీకే అమ్మివేయుట యొకటి. ప్రభుత్వ మంగీకరించిన మరమ్మతు ఉచితముగా చేయించుకొని కారును ఉంచుకొనుట రెండవది. గుట్టు బయటపడునాటికే కారు తమదై యున్నవారికి, ఏ మార్గము పట్టినను నష్టపరిహారము వేఱుగా లభించును: కారు విలువలో నూటికి 20 వంతులు, దానిపై 2,986 డాలర్ల 73 సెంట్లు, మొత్తము 5,100 డాలర్లకు తగ్గరాదు.

ఇచ్చటనే చాలమంది లెక్క తప్పుటకు అవకాశము గలదు. కారు విలువ 12,000 డాలర్లనుకొందము. పరిహారము 5,386 డాలర్ల 73 సెంట్లగును. అమ్మినవారి చేతికి వచ్చునది 17,386 డాలర్ల 73 సెంట్లు. ఈ పెద్ద మొత్తమును జూచి, "ఇంత సొమ్మెవరిత్తురు?" అని తోచుట సహజము. కాని పరిహారము కారును ఉంచుకొన్నను వచ్చునదే గదా! కావున అమ్మకమువలన అదనముగా దొరకునది 12,000 మాత్రమే. మరమ్మతైన ఈ కారు మన యింటికి 12,000 డాలర్లకు మించి యుపయోగపడునా, పడదా? విచారింపవలసిన ప్రశ్న యిదియొక్కటే.

దానికి జవాబు వెదకునపుడు కొన్ని సంగతులు గమనింపవలెను. మొదటిది, విలువ 2015 సెప్టెంబరు నాటి గుట్టు బయటపడకముందు ధరను బట్టి కట్టబడెను. ఏడాదికి 12,500 మైళ్ల చొప్పున నడిపినను అందు తగ్గింపు లేదు. కావున కొన్ని మాసములు వాడుకొని అమ్మినవారికి లాభమే. అయితే కారు తన యింజను బలముతో నడచి రావలెననియు నియమము గలదు. దారిలో పెద్ద ప్రమాదము జరిగినచో నీ యవకాశము చేజారును. రెండవది, క్రొత్త కారునకు పన్ను, అప్పు తెచ్చినచో వడ్డీ, ఇవన్నియు 12,000 నుండి తీసివేయవలెను. మూడవది, మరమ్మతు సంగతి. ఒడంబడిక నాటికి మరమ్మతు ఏదియు సిద్ధముగా లేదు. 2017 జనవరిలో గాని మొదటిదానికి అంగీకారము రాలేదు. అదియు విషవాయువులను మిక్కిలి తగ్గించునే గాని, మొదట చేసిన వాగ్దానమును సంపూర్ణముగా చెల్లింపజాలదు.

నాలుగవది డబ్బుతో కొలువరానిది. మన యింటి కారు విడుచు పొగ మన కంటికి కనబడదు; దానిని పీల్చువారు వీధిలో ఆడుకొను బిడ్డలు. మరమ్మతు చేయింపక, అమ్మక, ఊరక తిరుగుట మాత్రము ఏ యిల్లాలికిని తగదు.

గడువు 2018 సెప్టెంబరు 1వ తేదీతో ముగిసెను. హక్కును వినియోగించుకొన్నవారిలో నూటికి 86 మందికి పైగా కారును తిరిగి యిచ్చివేసిరి. కంపెనీవారు చెల్లించినది 950 కోట్ల డాలర్లను మించెను. ఉంచుకొన్నవారందఱు తెలివితక్కువవారని చెప్పరాదు. పాత కారు తక్కువ ఇంధనముతో దూరము నడచునని, అప్పు లేదని, క్రొత్తదానికై బరువు మోయలేమని లెక్క వేసికొన్న గృహములును గలవు.

మన దేశములో అట్లు జరుగలేదు. 2015 డిసెంబరులో ఆ కంపెనీ 3,23,700 కార్లను సరిచేయుటకు మాత్రమే పిలిచినది. తిరిగి కొనుట యన్న మాట రాలేదు. ఒక్క తప్పునకే రెండు దేశములందు రెండు తీర్పులని దీనివలన తెలియుచున్నది. కొనువారి హక్కు చట్టములో ఎంత గట్టిగా నుండునో, అమ్మువాని యౌదార్యము అంతే యుండును.

కారే కానక్కఱలేదు. కుట్టుమిషను గాని, శీతలపేటిక గాని తిరిగి తీసికొందుమని ఎవరైన వచ్చినచో, సోదరీమణులారా, మూడు ప్రశ్నలు వేయుడు: ఇవ్వకున్నను నాకు రావలసినదెంత? ఇచ్చుటవలన అదనముగా వచ్చునదెంత? దాని స్థానమున మఱియొకటి కొనుటకు పట్టునదెంత? ఈ మూడును కాగితముపై వ్రాసికొని, గడువు తేదీని గోడమీది పంచాంగమున గుర్తువేసి, పిమ్మట సంతకము చేయుడు.