ఎందుకు వచ్చారో చెప్పని వంశవృక్షం

2021 జనగణనలో తమ పూర్వీకులది ఇంగ్లాండు అని చెప్పుకొన్న ఆస్ట్రేలియన్లు 33 శాతం. వంశమూలాల పట్టికలో మొదటి స్థానం దానిదే. స్వయంగా ఇంగ్లాండులో పుట్టి అక్కడ స్థిరపడినవారే 9 లక్షలకు పైగా ఉన్నారు. భాష ఒకటే, రాజు ఒకరే, క్రికెట్టూ ఒకటే. బతుకు మాత్రం ఒకటి కాదు. తేడా ఏమిటని అడిగితే చాలామంది ఎండ గురించి మొదలుపెడతారు: డిసెంబరులో నడివేసవి, క్రిస్మస్ నాడు సముద్రతీరం, వెలుతురు కోసం ఉత్తరం వైపు తిప్పి కట్టుకొన్న ఇళ్లు. ఇవి భూగోళం ఇచ్చిన తేడాలు. మనుషులు పట్టుబట్టి సాధించుకొన్న తేడాలు వేరే ఉన్నాయి. అవి అర్థం కావాలంటే ఆ కుటుంబాలు ఇంగ్లాండును ఎందుకు విడిచాయో తెలియాలి.

చాలామంది విడవలేదు, వాళ్లను వెళ్లగొట్టారు. 1788 నుంచి 1868 దాకా బ్రిటన్, ఐర్లండ్‌ల నుంచి సుమారు 1,62,000 మంది ఖైదీలను ఓడల్లో ఆస్ట్రేలియాకు తరలించారు. వారిలో మేరీ వేడ్ ఒకతె. లండన్ వీధులు ఊడ్చి, అడుక్కుని బతికిన చిన్నపిల్ల. ఇంకో పిల్ల బట్టలు దొంగిలించిందని 1789లో ఓల్డ్ బెయిలీ కోర్టు ఆమెకు ఉరిశిక్ష వేసింది. తర్వాత దాన్ని ప్రవాసశిక్షగా మార్చి ఓడ ఎక్కించారు. 2007లో ఆస్ట్రేలియా ప్రధాని అయిన కెవిన్ రడ్ ఆమె వంశంవాడే.

ఇలాంటి పూర్వీకుల ఊసు ఎన్నో ఇళ్లలో తరాల తరబడి ఎత్తలేదు. ఖైదీల దీవిగా పేరుపడ్డ వాన్ డీమెన్స్ ల్యాండ్, ఆ మచ్చ చెరుపుకోవడానికి 1856లో టాస్మేనియా అని పేరే మార్చుకొంది. ఇప్పుడు కాలం మారింది. ఖైదీల ఎత్తు, కళ్ల రంగు, పచ్చబొట్లతో సహా రాసిపెట్టిన రికార్డుల్లో మునిమనవలు తమవాళ్లను వెతుక్కుంటున్నారు. సిగ్గు పోవడం మంచిదే. కానీ పేరు, ఓడ, తేదీ దొరకగానే వెతుకులాట ఆపేస్తే అసలు కథ అక్కడే మిగిలిపోతుంది.

విలియం కఫే సంగతే చూడండి. లండన్‌లో దర్జీ, ఒక మాజీ బానిస కొడుకు. మగవారందరికీ ఓటు, రహస్య బ్యాలెట్ కావాలన్న చార్టిస్టు ఉద్యమానికి నాయకుడు. 1848లో ప్రభుత్వం ఆయనపై రాజద్రోహం మోపితే, కోర్టు జీవితాంతం ప్రవాసం విధించింది. క్షమాభిక్ష వచ్చాక కూడా ఆయన తిరిగి వెళ్లలేదు. టాస్మేనియాలోనే పనివారి హక్కుల కోసం పోరాడి 1870లో కన్నుమూశాడు. ఆ ఉద్యమం అడిగినవాటిలో చాలా కోరికలను 1854లో ఆస్ట్రేలియాలోని బల్లారట్ బంగారు గనుల శ్రామికులు తమవిగా చేసుకొన్నారు. 1856లో విక్టోరియా, సౌత్ ఆస్ట్రేలియా రహస్య బ్యాలెట్ తెచ్చాయి. బ్రిటన్ తెచ్చింది 1872లో. అదే 1856లో మెల్‌బోర్న్ రాతిమేస్త్రీలు ఎనిమిది గంటల పనిదినం సాధించారు. వారి నాయకుడు జేమ్స్ స్టీఫెన్స్ కూడా పాత చార్టిస్టే. ఇంగ్లాండులో నేరమైన కోరిక ఆస్ట్రేలియాలో చట్టమైంది. రెండు దేశాల బతుకుల్లో నాకు కనిపించే అసలు తేడా ఇది.

దీన్ని ఒట్టి విజయగాథగా చెప్పుకోవడమూ అన్యాయమే. ఆ హక్కులు వేళ్లూనుకొన్న నేల ఆదివాసులది. స్త్రీలకు ఓటిచ్చిన 1902 చట్టమే ఆదివాసుల్లో అత్యధికులను ఓటుకు దూరం పెట్టింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పది పౌండ్ల ఛార్జీతో పది లక్షలకు పైగా బ్రిటన్‌వాసులను పిలిచి తెచ్చుకొన్న దేశం, ఆసియావారికి మాత్రం తలుపులు వేసే ఉంచింది. ఆ రోజుల్లోనే బ్రిటన్ అనాథాశ్రమాల నుంచి వేలాదిమంది పిల్లలనూ పంపారు. తల్లిదండ్రులు బతికుండగానే చనిపోయారని ఎందరికో అబద్ధం చెప్పారు. నాటింగ్‌హామ్‌కు చెందిన సోషల్ వర్కర్ మార్గరెట్ హంఫ్రీస్ 1980లలో ఈ దారుణాన్ని తవ్వితీసి, నెరిసిన జుట్టుతో ఉన్న ఆ పిల్లలను తల్లుల దగ్గరికి చేర్చడానికి పూనుకొంది. 2009లో వారికి ఆస్ట్రేలియా తరఫున క్షమాపణ చెప్పింది కెవిన్ రడ్. పసితనంలో దేశం దాటించిన మేరీ వేడ్ వంశంలోంచి ఆ మాట రావడం సబబుగా ఉంది. మరుసటి ఏడు బ్రిటన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్ కూడా క్షమాపణ చెప్పారు.

ఆసియావారిని ఆపిన శ్వేత ఆస్ట్రేలియా విధానం 1973లో పూర్తిగా పోయాకే మనవాళ్లకు ఆ తలుపు నిజంగా తెరుచుకొంది. ఇవాళ సిడ్నీలో, మెల్‌బోర్న్‌లో తెలుగు ఇళ్లలో పుట్టిన పిల్లలు పెద్దవుతున్నారు. వాళ్లకు మనం సంక్రాంతి, గోంగూర, తాతగారి ఊరు గురించి చెబుతున్నాం. మన దేశంలో ఉద్యోగం దొరకలేదనో, అప్పు తీరాలనో, కులం పేరుతో పడిన అవమానం భరించలేకనో, ఇంకా ఎదగాలన్న ఆశతోనో వచ్చామని కూడా చెప్పాలి. తమవాళ్లు ఏది దొరక్క ఇల్లు విడిచారో తెలిసిన పిల్లలు, తాము ఉన్న దేశంలో అది మరొకరికి దొరకనప్పుడు ఊరుకోరు.